రాజుగారి ముఖాన నల్లచారలు

వెనకటికి ఒక రాజు కోట గుమ్మానికి తన బొమ్మనూ చాటింపులనూ చూపించే ఎల్‌ఈడీ తెర పెట్టించాడు. దాంతో దండోరా వేసే గురప్ప కొలువు ఊడింది. తన పొట్టకొట్టిన తెరను పెళ్ళానికి చూపిద్దామని ఫొటో తీస్తే, అందులో రాజుగారి ముఖం నిండా నల్లచారలు! పక్కనున్న భటుడు చూసి సభకు ఈడ్చుకెళ్ళాడు.

"నా ముఖానికి మసి పూస్తావా?" అన్నాడు రాజు.

"ఫొటో తీయడం రాని మొద్దుని ప్రభూ. తమరే ఒకటి తీసి నేర్పండి."

రాజు గుమ్మం దాకా వచ్చి తీశాడు. మళ్ళీ చారలే!

తెర కొన్న మంత్రి ఒప్పేసుకున్నాడు. "ఈ తెర రిఫ్రెష్ రేటు తక్కువ ప్రభూ. ఆరి వెలుగుతుంటుంది. కంటికి తెలియదు, కెమెరాకి దొరికిపోతుంది. కొనేటప్పుడు కంటితోనే చూశాను."

"కొత్తది వచ్చేదాకా ఎవరూ ఫొటో తీయకూడదని తెరమీద వేయించండి!"

"దాన్నీ ఫొటో తీస్తారు ప్రభూ," అన్నాడు గురప్ప. "నేను డప్పు కొట్టి చెబితే ఆ భయం లేదు. ఈ మొహాన్ని ఇంతవరకూ ఎవడూ ఫొటో తీయలేదు."