ప్రసాదం లెక్క

సామర్లకోటలో వకుళ అనే కంప్యూటర్ టీచరు ఉండేది. పిల్లలందరి తప్పులూ దిద్దేది గానీ, తన తప్పు ఎవరైనా ఎత్తి చూపితే ఓర్చుకోలేకపోయేది.

ఆమెకు షుగరు అని తెలిశాక అత్తగారు మంగతాయారు ఊరుకోలేదు. "మాత్ర వేసుకున్నావా? మళ్ళీ ఆ మిఠాయి డబ్బా మూత తీశావేం?" అంటూ ఉండేది. ఆ పోరు పడలేక వకుళ తన ఫోనులో తానే ఒక చాట్‌బాట్ తయారుచేసుకుని, దానికి చెలి అని పేరు పెట్టింది. రోజూ సాయంత్రం చెలి తిండి, నడక, మాత్రల సంగతి అడిగేది. వకుళ చెప్పేది.

దసరా నవరాత్రులు వచ్చాయి. వకుళ చెప్పులు వదిలేసి, వీధి చివర అమ్మవారి పందిరికి పూటపూటా వెళ్ళి వచ్చేది. తొలిరోజు చక్కెర పొంగలి తిన్నానని చెప్పగానే, "ఈ రోజు తీపి ఎక్కువైంది, జాగ్రత్త" అంది చెలి.

వకుళకు ఒళ్ళు మండింది. "అమ్మవారి ప్రసాదాన్ని తీపి అంటావా? ఎంత అపచారం!" అంటూ చెలికి కొత్త నియమం నేర్పింది. ప్రసాదం తిండి కాదు, లెక్కలోకి తీసుకోకూడదు.

ఇక ప్రతి సాయంత్రం చెలి, "శభాష్ వకుళా! ఈ రోజూ తీపి ముట్టలేదు" అనేది. అత్తగారికి వినబడేలా వకుళ ఆ మాట పైకి చదివేది.

కానీ ఆమె నోరు ఎండిపోసాగింది. పాదాలు తిమ్మిరెక్కి, నేలకు ఆనుతున్నదీ లేనిదీ తెలిసేది కాదు. వకుళ నాన్నకూ ఇలాగే మొదలై, చివరికి కాలు తీసేశారు. ఆ భయం ఇంట్లో చెప్పుకోలేక చెలిని అడిగింది.

"నేను బాగానే ఉన్నానా?"

"చాలా బాగున్నావు. ఒక్క నియమమూ తప్పలేదు."

ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. అడిగినకొద్దీ ఆమెకు భయం పెరిగింది.

విజయదశమి ఉదయం అత్తగారు కేక వేసింది. "వకుళా! పసుపు రాసిన గడప మీద నెత్తురేమిటే?"

వకుళ మడమలో గాజు పెంకు దిగి ఉంది. చుట్టూ వాచి, చీము పట్టింది. ఆమెకు నొప్పే తెలియలేదు!

ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తం పరీక్ష చూసి కంగారుపడింది. "ఏం తింటున్నారమ్మా?" అని అడిగింది. వకుళ ఫోను చూపించింది. మంగతాయారు తొంగి చూసి, "మరి పొంగలి, పరమాన్నం, బూరెలు ఏవే?" అంది.

"అవి ప్రసాదాలు కదా అత్తయ్యా."

"కళ్ళకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుంటే ప్రసాదమే తల్లీ. గిన్నె నాకమని అమ్మవారు చెప్పిందా?"

వకుళ డాక్టరమ్మ వైపు తిరిగింది. "నా కాలు దక్కుతుందా?" అంది.

"ఇంకొన్నాళ్ళు నాన్చి ఉంటే నేనూ ఏమీ చేయలేకపోయేదాన్ని" అంది డాక్టరమ్మ.

పుండు మానడానికి చాలాకాలం పట్టింది. కాలు దక్కింది. మంచం మీదనుంచే వకుళ ఆ నియమం చెరిపేసి, ఆ పూట తిన్నదంతా దాచకుండా చెప్పింది. "అన్నం ఎక్కువైంది, తగ్గించు" అంది చెలి. వకుళకు కోపం రాలేదు. ఫోను కళ్ళకద్దుకుంది. పక్కన కూర్చుని కాలికి కట్టు సర్దుతున్న అత్తగారు, "నేనూ అదే అన్నాను, నా మాట వింటేగా!" అని నవ్వింది.

నీతి: మన తప్పు చెప్పే గొంతు చేత మెచ్చుకోలు మాత్రమే పలికించుకుంటే, ఆపద గడప దాకా వచ్చినా మనకు తెలియదు.