వెనక్కి చూసే ముంగిస

పండూ, ఇటు జరుగు. కాళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి నీవి, దుప్పట్లో పెట్టుకో. నువ్వు పొద్దస్తమానం బండ్ల పందెం ఆట ఆడతావే, అందులో బొమ్మలన్నీ వరసగా నుంచుంటే ఆ చివర ఒకడుంటాడు చూడు. తోక పీచులా ఉంటది. వాణ్ణి ఎవరూ తీసుకోరు. ఇవాళ వాడి కథ చెప్తా. ఊ కొడతా ఉండు.

అనగనగా ఒక ఊరు. ఆ ఊరు నేల మీద లేదు, ఫోన్లో ఉంది. ఊరు మొత్తానికీ ఒకటే రోడ్డు. అది గుండ్రంగా తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వస్తది. ఆ ఊరి వాళ్ళకి పొలం లేదు, పొయ్యి లేదు. పందెం అనగానే బండెక్కడం, తోలడం, అంతే.

ఆ ఊళ్ళో వీరాస్వామి అని ఒక దున్నపోతు ఉండేవాడు. ఆయన కూర్చుంటే బండి టైర్లు అణిగిపోయేవి. కనకరత్నం అని ఒక కోడిపెట్ట ఉండేది. గాలికి ఈకలు చెదురుతాయని దానికి ఎప్పుడూ సణుగుడే. ఇంకా ఎవరెవరో ఉండేవాళ్ళు. అందరికంటే చివర ఒక ముంగిస. వాడి పేరు పీచుగాడు.

పందెం పెట్టేది వేలు. ఆకాశంలోంచి ఒక వేలు దిగుద్ది. అది ఎవరి నెత్తిన తడితే ఆ రోజుకి వాళ్ళే పెళ్ళికొడుకు. వాళ్ళ బండిని వేలే తోలుద్ది. మిగతావాళ్ళు ఎవరి బండి వాళ్ళు తోలుకోవాలి.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది పండూ. వేలు తోలే బండి వెనకబడితే అందరూ బ్రేకు తొక్కి ఆగాలి. అది వచ్చి దాటిపోయేదాకా ఎవరూ కదలకూడదు.

ఎందుకంటావా? ఒకప్పుడు ఆ పక్కనే పండ్లు కోసే ఊరు ఉండేది. దాని పక్కన బుడగలు పేల్చే ఊరు ఉండేది. ఒకరోజు పండ్ల ఊరు గజగజా వణికింది. ఊరి మూల మీద ఒక ఇంటూ గుర్తు పడింది. అప్పుడు వేలు వచ్చి ఆ గుర్తుని తాకింది. అంతే, ఊరు లేదు. పండ్లు లేవు, కత్తి లేదు, వెనక గోడ కూడా లేదు. ఆ తర్వాత బుడగల ఊరూ అట్టాగే పోయింది.

మనవాళ్ళు కొయ్యబారిపోయారు. "వేలు ఓడిపోయుంటది. అలిగి తుడిచేసింది" అన్నాడు అప్పట్లో వీరాస్వామి వాళ్ళ తాత. అప్పట్నుంచీ వేలుని ఓడనివ్వకూడదని అందరూ ఒట్టేసుకున్నారు.

మరి వేలు వెనకబడిందని ముందున్నోళ్ళకి ఎట్టా తెలుస్తది? దానికే పీచుగాడు. మలుపు వచ్చినప్పుడల్లా వాడు మెడ తిప్పి వెనక్కి చూసేవాడు. వేలు బండి వెనక కనపడితే "వెనకుంది, ఆగండోయ్" అని కేకేసేవాడు. అందరూ ఆగేవాళ్ళు. పుట్టిన కాణ్ణుంచీ వాడు చేసింది ఆ పనే.

ఇట్టా ఉండగా ఒకరోజు వేలు దిగింది. రోజూ వచ్చే వేలు కాదు. చిన్నది, గోరుకి గులాబీ రంగు పూసుకుంది. అది వీరాస్వామి నెత్తి దాటింది. కనకరత్నం నెత్తి దాటింది. పోయి పోయి పీచుగాడి నెత్తిన తట్టింది.

వీరాస్వామి నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది. కనకరత్నం ఎత్తిన కాలు దించడం మర్చిపోయి ఒంటికాలి మీదే నుంచుంది. పీచుగాడైతే కాస్త పక్కకి జరిగి చూశాడు, తన వెనక ఇంకెవరన్నా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. గోడే ఉంది.

"నన్నేనా అత్తా?" అన్నాడు.

"నిన్నే. వేలు జారుంటది. ఎక్కు ముందు" అంది కనకరత్నం.

అప్పుడు జెండా ఊగింది. బండ్లు కదిలాయి. పీచుగాడి చేతిలో స్టీరింగు దానంతటదే తిరుగుతోంది. వాడికి ఒళ్ళంతా చక్కిలిగింతలు పెట్టినట్టుంది.

ఆ తర్వాత మలుపొచ్చింది. అలవాటు ఊరుకోదు కదా, వాడు మెడ తిప్పి వెనక్కి చూశాడు. రోడ్డు ఖాళీ. వేలు బండి ఎక్కడా కనపళ్ళేదు. వేలు ఎక్కడో గోతిలో పడిపోయిందనుకున్నాడు. తను కూర్చున్నదే వేలు తోలే బండి అన్న సంగతి బుర్రలోంచి ఎగిరిపోయింది.

"వెనకుంది, ఆగండోయ్" అని కేకేసి, రెండు కాళ్ళతో బ్రేకు తొక్కి పట్టాడు.

అందరూ ఆగిపోయారు. పైనుంచి వేలు తోస్తోంది. కింద నుంచి వీడు తొక్కుతున్నాడు. బండి గుర్రుమంటోంది గానీ జానెడు కదల్లేదు. ముందున్నోళ్ళు వెనక్కి చూస్తున్నారు. వెనకున్నోడు ఇంకా వెనక్కి చూస్తున్నాడు. ఊరంతా రోడ్డు మధ్యలో మెడలు తిప్పుకుని కూర్చుంది. నవ్వకు, వాళ్ళకి చెమటలు పడుతున్నాయి.

అప్పుడు ఆకాశంలోంచి మాటలు వినపడ్డాయి.

"అన్నయ్యా, ఇది కదలట్లేదు" అంది ఒక ఆడపిల్ల గొంతు. ఆ చిన్న వేలు ఆ పిల్లదే, పేరు జోషిత.

"ఆ చివరోణ్ణి ఎవరు తీసుకోమన్నారే నిన్ను? ఇటు చూపించు" అన్నాడు వాళ్ళన్న. "చూశావా, నువ్వు ఆగితే వాళ్ళూ ఆగారు. ఎప్పుడూ ఇంతే. కళ్ళు మూసుకుని తోలినా మనమే గెలుస్తాం. ఇంక ఇందులో ఏముంది? పండ్లదీ బుడగలదీ కూడా ఇట్టాగే గెలిచి గెలిచి విసుగొచ్చే తీసేశా. దీన్నీ తీసేసి వేరేది వేసుకుందాం."

పండూ, ఆ మాటకి ఊరి మీద పిడుగు పడ్డట్టయింది. వీరాస్వామి దవడ కిందకి వేలాడింది. ఇన్నాళ్ళూ ఆగి ఆగి, కాచుకుని కాచుకుని, వాళ్ళ ఊరిని వాళ్ళే తుడిపించుకుంటున్నారు.

"గెలిపిస్తే తీసేస్తారా?" అన్నాడు వీరాస్వామి.

అంతలోనే నేల వణికింది. ఊరి మూల మీద ఇంటూ గుర్తు పడింది.

"ఒక్క ఆట అన్నయ్యా. ఒక్కటే" అంది జోషిత.

"సరే, ఒక్కటే. ఆ తర్వాత తీసేస్తా. ఏడవకూడదు."

వణుకు ఆగింది. ఇంటూ గుర్తు మాత్రం అక్కడే ఉంది.

కనకరత్నం పీచుగాడి మీద పడింది. "ఎవరి కోసం ఆగావురా సచ్చినోడా? వేలు నీ నెత్తి మీదే ఉంది కదరా."

పీచుగాడు పైకి చూశాడు. నిజమే, గులాబీ గోరు మిలమిలా మెరుస్తోంది. "అయితే ఇందాకట్నుంచీ నా కోసమే నేను ఎదురు చూస్తున్నానా అత్తా?" అన్నాడు. వాడి తోక పీచు నిలువునా లేచి నుంచుంది.

మళ్ళీ అందరూ గీత దగ్గర నుంచున్నారు. పీచుగాడు వీరాస్వామి వైపు తిరిగాడు.

"బాబాయ్, ఈసారి నా కోసం ఆగొద్దు. వదిలేసి పోండి. ఆగితే ఊరు పోద్ది, విన్నావుగా."

"నేను విన్నానురా. నా కాలు వినొద్దూ? మా తాత ఆగాడు, మా నాన్న ఆగాడు. వేలు వెనకబడగానే అది బ్రేకు మీదకి దానంతటదే పోద్ది."

జెండా ఊగింది. కాస్త దూరం పోయారో లేదో, పీచుగాడి బండి వెనకబడింది. అది చూడగానే వీరాస్వామి బండి కీచుమని ఆగింది. ఆయన్ని చూసి అందరూ ఆగారు.

"నీ కాళ్ళు పట్టుకుంటా బాబాయ్, పో" అని బతిమాలాడు పీచుగాడు. వీరాస్వామి నాలుగడుగులు పోయాడు. మళ్ళీ ఆగాడు.

అప్పుడు వాడు ఎగతాళికి దిగాడు. "అసలు నీకు బండి తోలడం వచ్చా బాబాయ్? పుట్టాక ఒక్కసారన్నా గట్టిగా తోలావా? ఎప్పుడూ ఆగడమే చూశా నేను." వీరాస్వామికి మొహం మాడిపోయింది. బుసకొట్టి ఇంకో నాలుగడుగులు పోయాడు. మళ్ళీ ఆగాడు.

పైన వాళ్ళన్న నవ్వుతున్నాడు. "చూడవే, మళ్ళీ ఆగారు."

పీచుగాడు ఇంకేం ఆలోచించలేదు. వేలు బండిని ముందుకి తోసేసరికి వాడు వీరాస్వామి వెనక్కి చేరాడు. బండిలోంచి మెడ చాపాడు. సీటు వెనక వేలాడుతున్న ఆ లావుపాటి తోకని కసుక్కున కొరికాడు.

ముంగిస పళ్ళు ఎట్టా ఉంటాయో తెలుసా? సూదులే.

వీరాస్వామి వేసిన రంకెకి రోడ్డు పక్క చెట్లు వంగిపోయాయి. కాలు బ్రేకు మీద నుంచి లేచింది. బండి బాణంలా పోయింది. దున్నపోతు తన మీదకే వస్తున్నాడనుకుని కనకరత్నం కెక్కెక్కెమంటూ దౌడు తీసింది. దాన్ని చూసి మిగతావాళ్ళూ పరుగో పరుగు. ఎవరు ఎవర్ని తరుముతున్నారో ఎవరికీ తెలీదు. ఆ ఊళ్ళో అట్టాంటి పందెం ఎప్పుడూ జరగలేదు.

పీచుగాడు ఒక్కడే వెనక మిగిలాడు. చిన్న వేలుకి తోలడం కొత్త. ఒకసారి కంచెకి గుద్దింది. ఒకసారి బురదలో పడేసింది. ఒకసారి బండిని అడ్డం తిప్పేసింది. అయినా వాడు ముందుకే చూస్తున్నాడు. కనకరత్నం ఈకలు గాల్లో ఎగిరొచ్చి వాడి మొహాన పడుతున్నాయి. ఇదిగో అందుకున్నాడు, ఇదిగో దాటేస్తున్నాడు అనేసరికి కోడిపెట్ట ముక్కు గీతకి తగిలింది. పీచుగాడు ఆఖరొచ్చాడు.

వేలు ఓడిపోయింది పండూ.

వీరాస్వామి తోక పట్టుకుని కూలబడ్డాడు. "ఎంత పని చేశాంరా. వేలుని ఓడించేశాం" అన్నాడు. ఆ మాట అంటుండగానే నేల గజగజా వణికింది. అందరూ కళ్ళు మూసుకున్నారు.

పైన జోషిత గొంతు నెమ్మదిగా వినపడింది. "అన్నయ్యా, ఓడిపోయా."

"ఏంటీ?"

"ఆఖరొచ్చా."

"ఇందులో ఓడిపోవడమేంటే? ఎవరూ ఓడిపోరు. ఇటియ్యి, నేను ఆడతా."

"ఇయ్యను. కోడిపెట్టని దాటేదాకా నేనే ఆడతా."

"ఒక్కసారి ఇయ్యవే."

"తీసేస్తానన్నావుగా."

"తీసేయన్లే, ఇటియ్యి."

పీచుగాడు ఒక కన్ను తెరిచాడు. ఊరు వణుకుతూనే ఉంది. తీరా చూస్తే పైన అన్నాచెల్లెళ్ళు ఫోను పట్టుకుని అటూ ఇటూ లాక్కుంటున్నారు, అదీ ఆ వణుకు. ఆ తర్వాత ఊరి మూల మీది ఇంటూ గుర్తు మాయమైపోయింది.

"ఓడిస్తే ఉంచుకుంటారా?" అన్నాడు వీరాస్వామి. ఆయన మొహం అప్పుడు చూడాలి నువ్వు. అంత లావు దున్నపోతు, చిన్నపిల్లాడిలా కళ్ళు చికిలించి ఆకాశంలోకి చూస్తున్నాడు.

మళ్ళీ వేలు దిగింది. గులాబీ గోరే. సూటిగా వచ్చి పీచుగాడి నెత్తిన తట్టింది. వాడు స్టీరింగు పట్టుకుని, పక్కకి తిరిగి నోరు తెరవబోయాడు.

వీరాస్వామి గబుక్కున తోక సీటు కిందకి లాక్కున్నాడు. "నోరు ముయ్యరా పీచుగా. ఈసారి నేనే పోతా" అన్నాడు.

జెండా ఊగింది.

కథేమో కంచికి,
తోకేమో కట్టుకి,
మా పండేమో నిద్దరకి.