లక్క పోసిన బొమ్మల పెట్టె

అనగా అనగా, మీ తాతకు తాత ఇంకా ఉయ్యాలలో ఊగుతున్న రోజుల్లో, పింగళపురం అనే ఊరుండేది. ఆ ఊరిని విజయభూపతి అనే రాజు ఏలేవాడు. రాజుగారి కోటలో, నేల కింది గదిలో, ఒక పెద్ద పెట్టె ఉండేది. అందులో బంగారం లేదు, వజ్రాలు లేవు. తోలుబొమ్మలు ఉన్నాయి.

మేకతోలును పలచగా గీకి, రంగులు అద్ది, సన్నని చిల్లులు పొడిచి చేసిన బొమ్మలవి. తెల్లని తెర వెనుక దీపం పెట్టి ఆడిస్తే రంగురంగుల నీడలు తెర మీద నడిచేవి, ఎగిరేవి, ఏడ్చేవి, నవ్వేవి. ఆ పెట్టెలో ఉన్నవి ఒకే ఒక్క ఆట బొమ్మలు. ఆ ఆట పేరు 'వాన తెచ్చిన కొంగపిల్ల'.

రాజుగారి తాత ఆ ఆటను ఒక్కసారి ఆడించాడు. ఊరంతా చూసి మురిసిపోయింది. మర్నాడే ఆయనకు బెంగ పట్టుకుంది.

"రోజూ చూస్తే ఎంత మంచి ఆటైనా చులకనైపోతుంది. పెట్టెలో పెట్టి మూసేయండి. మంచి సమయం చూసి మళ్లీ తీద్దాం" అన్నాడు.

ఆ మంచి సమయం రాలేదు. తాత పోయాడు, కొడుకు పోయాడు, మనవడు గద్దె ఎక్కాడు. పెట్టె తెరుచుకోలేదు. గాలి చొరబడకూడదని, పురుగు దూరకూడదని, ఏటేటా పెట్టె సందుల మీద లక్క కరిగించి పోసేవారు. అలా అరవై పొరలు దాటాయి.

ఆ ఊళ్లో నాంచారమ్మ అనే ముసలామె ఉండేది. అడ్డాకులతో విస్తళ్లు కుట్టి బతికేది. ఆట ఆడిన నాడు ఆమెకు ఏడేళ్లు. అమ్మ ఒళ్లో కూర్చుని చూసింది. ఆటలో ఒకచోట అమ్మ పకపకా నవ్వింది. ఎంత నవ్విందంటే, ఒళ్లో ఉన్న పిల్లకు వీపంతా అదిరింది. ఆ వేసవిలోనే అమ్మ పోయింది.

ఇప్పుడు నాంచారమ్మకు అమ్మ ముఖం గుర్తు లేదు. గొంతు గుర్తు లేదు. వీపు మీద అదిరిన ఆ నవ్వొక్కటే మిగిలింది. కానీ అమ్మ ఏ మాటకు నవ్విందో ఆమె మరిచిపోయింది. ఆట మళ్లీ చూస్తే ఆ మాట దొరుకుతుంది. దొరక్కపోతే ఒకనాటికి ఆ నవ్వు కూడా పోతుంది. అదీ ఆమె దిగులు.

అసలే ఈ మధ్య మరపు ఎక్కువైంది. కూరలో ఉప్పు వేసి, మళ్లీ వేసేది. తలుపు వేసి, నాలుగడుగులు నడిచి, వేశానో లేదో అని వెనక్కి వచ్చేది. అందుకే రోజూ పొద్దున్నే విస్తరి కుడుతూ తనకు గుర్తున్నంత ఆటను మెల్లగా చెప్పుకునేది.

"ఊళ్లో వానలు లేవు. కొంగపిల్ల మేఘాలరాజు దగ్గరికి బయలుదేరింది. మొదటి ఏట్లో పీత కనిపించింది. రెండో ఏట్లో కప్ప కనిపించింది. మూడో ఏటి దగ్గర పాట పాడింది..."

పక్కింటి సింగారమ్మ అది విని గోడ మీంచి తొంగిచూసేది. "ఏం వదినా, మళ్లీ కొంగ బయలుదేరిందా? నిన్న ఎక్కడిదాకా వెళ్లిందో అక్కణ్ణించే నడిపించరాదూ, పాపం దాని కాళ్లు నొప్పెడతాయి" అనేది.

ఒకనాడు ఊళ్లో దండోరా వేశారు. "వినండహో, వచ్చే కార్తికంలో పాత బొమ్మల పెట్టె తెరుస్తాం" అని.

పెట్టెకు కాపలా అధికారి చెంగల్రాయుడు. దండోరా వేయించింది అతనే. ఊరు ఊరంతా సంబరపడింది. నాంచారమ్మ కొత్త రవిక కుట్టించుకుంది. కార్తికం వచ్చింది. "బొమ్మలకు కొత్త రంగులు దిద్దిస్తున్నాం, పైయేడు చూడండి" అని మళ్లీ దండోరా. ఆ యేడు గడిచేసరికి, కథలో రెండో ఏట్లో కొంగపిల్లకు కనిపించింది ఎవరో నాంచారమ్మ మరిచిపోయింది.

పైయేడు వచ్చింది. "మంచి గంధపు చెక్కతో, అద్దాలు పొదిగి, కొత్త పెట్టె చేయిస్తున్నాం. వచ్చే యేడు చూడండి" అన్నారు.

"ఆట సంగతేమో గానీ పెట్టె మాత్రం భలే ఉంటుందట వదినా. ఆ పెట్టె చూసి చప్పట్లు కొట్టి వచ్చేద్దాం" అంది సింగారమ్మ.

నాంచారమ్మ నవ్వలేదు. ఆ యేడు కొంగపిల్ల పాట పోయింది. పెదవులు కదిలాయి గానీ పదాలు రాలేదు.

మూడో యేడు వచ్చింది. "ఆటలో రాజుగారి వేట కూడా చేరుస్తున్నాం. ఇంకొక్క యేడు ఓపిక పట్టండి" అన్నారు.

ఆ మాట విని నాంచారమ్మ చేతిలోని విస్తరి పక్కన పెట్టింది. మనసులో ఆటను మొదలుపెట్టింది. పీత దాకా వచ్చింది, తడుముకుంది. మేఘాలరాజు దాకా వచ్చింది, అక్కడ అంతా తెల్లగా, ఏమీ లేని తెరలా కనిపించింది. చెప్పులు కూడా వేసుకోకుండా తిన్నగా కోటకు నడిచింది.

సభలో రాజు ఆమెను చూసి, "ఏం కావాలి అవ్వా?" అని అడిగాడు.

"పెట్టె తెరిపించండి ప్రభూ."

చెంగల్రాయుడు నవ్వాడు. "ఎదురుచూపులోనే అందం ఉంది అవ్వా. ఎంత ఆలస్యమైతే ఆటకు అంత విలువ. ఒక్క యేడు ఓపిక పట్టలేవా?"

"ఓపికకేం బాబూ, బోలెడంత ఉంది. జ్ఞాపకమే లేదు. పోయినేడు ఉన్నది ఈ యేడు లేదు. పైయేడు మీరు ఆట చూపించినా, నేను ఎందుకొచ్చానో నాకే తెలియకుండా కూర్చుంటాను."

రాజు లేచాడు. "పెట్టె తెండి" అన్నాడు.

నలుగురు మోసుకొచ్చారు. లక్క పొరలు ఎక్కడా చెదరలేదు. బొమ్మలకు రంగులు దిద్దిస్తున్నామని చెప్పిన పెట్టెను ఇన్నేళ్లుగా ఎవరూ తెరవనే లేదని అందరికీ అర్థమైంది. చెంగల్రాయుడి ముఖం చిన్నబోయింది. ఉలితో కొట్టి కొట్టి మూత లేపారు. కుళ్లిన వాసన గుప్పుమంది. లోపల బొమ్మలు లేవు. తోళ్లన్నీ చెమ్మకు ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని, నల్లని ముద్దగా మారిపోయాయి.

బొమ్మలు చేసే కొమరప్పను పిలిపించారు. ఆ బొమ్మలు చేసింది అతని తండ్రే. కొమరప్ప ఆ ముద్దను చేత్తో తాకి చూసి తల వంచుకున్నాడు.

"తోలుకు దీపం వేడి తగలాలి ప్రభూ. చేతుల్లో ఆడాలి. నెలకోసారైనా గాలికి వేలాడదీయాలి. మీరు లక్క పోసి లోపలి చెమ్మను లోపలే బంధించారు. కాపాడుతున్నాం అనుకుంటూనే పాడుచేశారు."

"మళ్లీ చేయగలవా?"

"తోలు కోయగలను, రంగు అద్దగలను. కానీ నేను ఈ ఆట చూడలేదు. నాన్న చెప్పకుండానే పోయాడు. ఏ బొమ్మ ఏం చేసిందో, ఏం మాట్లాడిందో ఎవరైనా చెబితే చేస్తాను."

ఆటను చూసినవాళ్లు ఊళ్లో ఇంకా పది పన్నెండు మంది ముసలివాళ్లు ఉన్నారు. రాజు మర్నాడు ఊరందరినీ కోట ముంగిట్లో కూర్చోబెట్టాడు. "ఆట తెలిసినవారు చెప్పండి" అన్నాడు.

ముందుగా చెంగల్రాయుడు లేచాడు. పోయిన పరువు నిలబెట్టుకోవాలని అతని ఆత్రం. "మా తాతగారు నాకు పూసగుచ్చినట్టు చెప్పారు ప్రభూ" అంటూ గడగడా చెప్పాడు. అతని కథలో కొంగపిల్ల అడుగడుగునా రాజుగారి వంశాన్ని పొగిడింది. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తడబడలేదు. ముసలివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇది కాదేమో అని అందరికీ అనిపించింది. కానీ అతను అంత గట్టిగా చెబుతుంటే, నేనే మరిచిపోయానేమో అని ఎవరికి వాళ్లు నోరు మూసుకున్నారు.

తరువాత పన్నీరు అమ్మే గోవర్ధనుడు లేచాడు. "నేను ఆ ఆట కళ్లారా చూశాను" అన్నాడు. అతనికి ఇంకా యాభై కూడా నిండలేదు. అతని కథలో కొంగకు బంగారు రెక్కలున్నాయి. మేఘాలరాజుకు ముత్యాలహారం ఇచ్చి, ఆయన కొడుకును పెళ్లాడింది. అతనూ ఆగలేదు. జనం ఆవలించారు. ముసలివాళ్లు మళ్లీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

నాంచారమ్మ లేచింది. "నాకు కొంచెమే గుర్తుంది ప్రభూ. మధ్యమధ్యలో పోయింది" అంది.

"సగం కథ చెప్పడానికా ఇంతదూరం వచ్చావు?" అన్నాడు గోవర్ధనుడు. కొందరు నవ్వారు.

"చెప్పు అవ్వా" అన్నాడు రాజు.

ఆమె కళ్లు మూసుకుంది. "ఊళ్లో వానలు లేవు. ఊరివాళ్లు కొంగపిల్ల మెడలో నువ్వుండల మూట కట్టి, మేఘాలరాజుకు ఇచ్చి వానను అడిగిరమ్మన్నారు. మొదటి ఏట్లో పీత కనిపించింది. ఏరు ఎండిపోయి అది అడ్డంగా కూడా నడవలేకపోతోంది. రెండో ఏట్లో..."

ఆగిపోయింది. కళ్లు తెరిచింది. "ఇక్కడ నాకు గుర్తు లేదు" అంది.

ఆమె చేతులు కొంగును నలుపుతున్నాయి. అంతలో వెనకవరసలోంచి పడవ నడిపే సూరన్న తాత గొంతు సవరించుకున్నాడు.

"కప్ప కదమ్మా. నీళ్లు లేక చాలా రోజులై, బెకబెకమని ఎలా అనాలో మరిచిపోయిన కప్ప. కొంగపిల్లే దానికి నేర్పింది."

"అవును, కప్ప" అంది నాంచారమ్మ. ఆమె ముఖంలోకి కాస్త రంగు వచ్చింది. "మూడో ఏటి దగ్గర కొంగపిల్ల ఒక పాట పాడింది. ఆ పాట నాకు రాదు."

"పాటా?" అంది వడ్లు దంచే గౌరమ్మ. ఆమెకు నలభై ఏళ్లుంటాయేమో. "ఏరా ఏరా ఎండిన ఏరా, నీ నీళ్లెవరు తాగారు... అదేనా పిన్నీ? మా అమ్మమ్మ దాన్నే జోలపాటగా పాడేది. అది ఆటలోదని నాకిప్పుడే తెలిసింది."

ముసలివాళ్లంతా ఒక్కసారి తలలూపారు. ఒకరు కొంగ కాలు ఎలా ఎత్తేదో చెప్పారు. ఒకరు పీత రంగు ఎరుపు కాదు, ఇటుక రంగు అన్నారు. కొమరప్ప బొగ్గుముక్కతో నేల మీద గబగబా గీస్తున్నాడు. పొద్దుటి నుంచి ఒక్క గీత కూడా గీయని మనిషి.

"ఆఖరికి మేఘాలరాజు దగ్గరికి వెళ్లింది" అంది నాంచారమ్మ. "ఆయన ఏదో అడిగాడు. ఇది ఏదో చెప్పింది. అంతే, వాన కురిసింది. ఏం చెప్పిందో నాకు గుర్తు లేదు." ఆమె ముసలివాళ్ల వైపు తిరిగింది. "మా అమ్మ నవ్వింది అక్కడే అయివుంటుంది."

సూరన్న తాత తల అడ్డంగా ఊపాడు. గౌరమ్మ నేల చూపులు చూసింది. నాంచారమ్మ ఒక్కొక్క ముసలి ముఖాన్నీ వెతికింది. ఒక్కరికీ తెలిసినట్టు లేదు. ఆ మాట లేకపోతే వాన ఎందుకు కురిసిందో ఎవరికీ తెలియదు, ఆట ముగియదు. నాంచారమ్మ కూర్చుండిపోయింది.

అప్పుడు సింగారమ్మ లేచి ఆమె పక్కకు వచ్చి కూలబడింది.

"చిన్నప్పుడు ఆ ఆట చూడబోతే నాకు తెర ముందు చోటు దొరకలేదు వదినా. తెర వెనక దూరి, బొమ్మలాడించే ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. బొమ్మలు సరిగా కనపళ్లేదు. కానీ మాటలు మాత్రం నా నెత్తి మీదే పలికాడు. ఇన్నాళ్లూ ఆ చివరి మాట నీకు తెలిసే ఉంటుందనుకున్నాను. తెలియదని నువ్వెప్పుడైనా అన్నావా?"

"అనలేదు. చెబితే నవ్వుతావని."

"ఇప్పుడు నవ్వుదువుగాని, విను. మేఘాలరాజు అడిగాడు, 'ఇంత దూరం వచ్చావు, నాకేం తెచ్చావు?' అని. కొంగపిల్ల అంది, 'నువ్వుండలు తెచ్చాను దొరా. మొదటి ఏట్లో ఆకలేసి ఒకటి తిన్నాను. రెండో ఏట్లో రెండు తిన్నాను. మూడో ఏట్లో లెక్కపెట్టుకోలేదు. మూట కట్టిన గుడ్డ మాత్రం భద్రంగా ఉంది. కావాలంటే తీసుకో.' మేఘాలరాజుకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకే ఉరుములు ఉరిమాయి, వాన కురిసింది."

ముంగిలంతా గొల్లున నవ్వింది. రాజు నవ్వాడు. కొమరప్ప బొగ్గు కింద పడేసి నవ్వాడు. సింగారమ్మ తన మాటకు తనే నవ్వుతూ నాంచారమ్మ మీద వాలిపోయింది. నాంచారమ్మకు వీపంతా అదిరింది. ఆమె కళ్లు మూసుకుని, కదలకుండా, చాలాసేపు అలాగే కూర్చుంది.

రాజు చెంగల్రాయుణ్ణి కాపలా పని నుంచి తీసేశాడు. కొమరప్ప కొత్త బొమ్మలు చేశాడు. వాటికి పెట్టె చేయించలేదు. కోట ముంగిట్లో గాలికి వేలాడదీశారు. ఎవరు అడిగితే వాళ్ల వీధిలో ఆడారు. చూసినవాళ్లు చూడనివాళ్లకు చెప్పారు. ఆట చులకన కాలేదు.

తొలకరి నాడు నాంచారమ్మ వీధిలో ఆట ఆడారు. అప్పటికి ఆమె ఆ చివరి మాట మళ్లీ మరిచిపోయింది. "ఏం వదినా, ఇప్పుడేమంటుందో గుర్తుందా?" అని సింగారమ్మ మోచేత్తో పొడిచింది.

"లేదు" అంది నాంచారమ్మ. ఈసారి ఆ మాట అనడానికి ఆమెకు భయం వేయలేదు. తెర మీద కొంగపిల్ల ముక్కు విప్పింది. నాంచారమ్మ మొదటిసారి విన్నట్టుగా విని, పకపకా నవ్వింది.

పిల్లలూ, ఎంత మంచి కథైనా మూసిపెడితే చెడిపోతుంది. తనకు గుర్తులేదని నిజం ఒప్పుకుని పదిమందినీ అడిగితే, పోయిన కథ కూడా తిరిగి వస్తుంది.