పొగమీసానికి పెళ్లి కాలేదు

మధ్యాహ్నం మనుషులు, వాళ్ల వెనకే కుక్క, చేలోకి పోయాక ఆ పెరట్లో కథ మొదలయ్యేది. పెరడు చుట్టూ తాటాకు దడి, దడి మీద ముళ్లకంప. లోపలికి రావడానికి ఒకటే తడిక, దానికి లోపలి వైపు తాడుముడి. లోపల ఉండేవాళ్లు నూకాలు అనే కోడి, దాని పదకొండు పిల్లలు, సన్యాసమ్మ, అప్పలకొండ అనే రెండు బాతులు, గుంజకి కట్టేసిన సింహాద్రి అనే ముసలి ఎద్దు.

అసలు కథ అదివరకు ఆ పెరట్లోనే ఉండే గాడిదది. మబ్బుల మీద ఒక కోట, కోటలో వానంతా దాచిన వానకుండ, దానికి కాపలా ఒక కప్ప రాకుమారి. ఆ కుండని పొగమీసం అనే నక్క సేనాపతి ఎత్తుకుపోయాడు. కథ సరిగ్గా అక్కడుండగా గాడిదని సంతకి తోలుకుపోయి అమ్మేశారు. మిగతాది కొన్నవాళ్లు విని ఉంటారు. ఇక్కడున్నవాళ్లకి మాత్రం తోచక, నూకాలే కథ ముందుకి అల్లడం మొదలుపెట్టింది.

నూకాలుకి కప్ప రాకుమారి అంటే ప్రాణం. ఆమె చేత కొండలెక్కించింది, పిడుగులతో యుద్ధం చేయించింది. ఎవరికీ పట్టలేదు.

“రాకుమారి ఏటయిందో అడగరేటే?” అంది ఒకరోజు ఉండబట్టలేక.

“బాగానే ఉంటాదిలే,” అంది సన్యాసమ్మ. “పొగమీసం అన్నం తిన్నాడా లేదా, ముందది చెప్పు.”

“వాడు దొంగ. కుండెత్తుకుపోయాడు.”

“మనసులో ఏ బాధ పెట్టుకుని ఎత్తుకుపోయాడో నీకు తెలీదు,” అంది అప్పలకొండ.

“కథ చెప్పేది నేనే కదే.”

“అయితే మాత్రం?”

సింహాద్రిది రోజూ ఒకటే ప్రశ్న. “ఇంతకీ వాన పడిందా?” లేదనేది కోడి. ఎద్దు మళ్లీ నెమరుకి దిగేది.

ఒకసారి విసుగెత్తి, నూకాలు పొగమీసానికి చంద్రవంక అనే నక్కపిల్లతో పెళ్లి కుదిర్చేసింది. అంతే, బాతులు రెండు రోజులు నీళ్లలో దిగలేదు. తవుడు ముట్టలేదు. దడి వైపు ముక్కులు పెట్టుకుని కూర్చున్నాయి. ఆయన ఒంటరివాడని, ఒంటరిగా ఉండటమే ఆయన గొప్పతనమని వాటి వాదన. మూడో రోజు నూకాలు పెళ్లి పందిట్లోనే ఆపేసింది. బాతులు తవుడు తిన్నాయి.

ఈ గొడవ జరిగిన పది రోజులకి ఒక నిజం నక్క దడి పక్కనుంచి పోతూ ఆగింది. లోపల నూకాలు పొగమీసం ఎడారిలో కుంటుకుంటూ పోయే ఘట్టం చెబుతోంది. బాతులు ఏడుస్తున్నాయి. ఒక నక్క కోసం ఎవరైనా ఏడవడం అది పుట్టాక వినలేదు. దానికీ కన్ను చెమ్మగిల్లింది. తర్వాత ఆకలేసింది.

మర్నాడు మధ్యాహ్నం అది మీసాలకి మసి పూసుకుని, కుంటుకుంటూ తడిక దగ్గరకొచ్చింది.

“అమ్మా, కాస్త తడిక తీస్తారా. నేను పొగమీసాన్ని.”

బాతులు తడిక దగ్గరకి పరిగెత్తాయి.

“అది మామూలు నక్క,” అంది నూకాలు. “మసి పూసుకొచ్చింది. తియ్యకండి.”

“ఊరుకో వదినా. ఆయన సంగతి నీకేటి తెలుసు?” అంది అప్పలకొండ.

“వాణ్ణి పుట్టించిందే నేను.”

“పుట్టించింది గాడిద. నువ్వు పెంచావంతే. అదీ సరిగ్గా పెంచలేదు.”

“కథలో ఎడమకాలు కదా కుంటి. వీడు కుడికాలు కుంటుతున్నాడు, చూడండి.”

బాతులు తడిక సందులోంచి చూశాయి. “అంటే రెండో కాలికి కూడా దెబ్బ తగిలిందన్నమాట,” అంది సన్యాసమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

అప్పలకొండ ముక్కుతో తాడు లాగడం మొదలుపెట్టింది. ముడి వదులైంది. తడిక బెత్తెడు జరిగింది, ఆ సందులో నక్క ముక్కు కనిపించింది. నూకాలు పిల్లల్ని రెక్కల కిందకి లాక్కుంది. అరిచినా చేలోకి వినబడదు. ఎద్దు గుంజకి కట్టేసి ఉంది. కోడికి నిజంగా భయం వేసింది. ఈ బాతులు నక్క గురించి చెబితే వినవు, కథ గురించి చెబితే వింటాయి. అది గుర్తొచ్చి గొంతు సవరించుకుంది.

“దయచెయ్యండి బాబూ, ఎండన పడి వచ్చారు. ఇంట్లో చంద్రవంకమ్మగారు, పిల్లలు అంతా కులాసాయేనా?”

నక్క మర్యాద తెలిసిన జంతువు. పలకరించిన వాళ్లకి బదులు చెప్పకుండా ఉండలేదు.

“మీ దయవల్ల కులాసానండి. చంద్రవంక మిమ్మల్నందర్నీ అడిగానని చెప్పమంది. పెద్దాడికి మొన్ననే పళ్లొచ్చాయి.”

తాడు లాగుతున్న అప్పలకొండ ఆగింది.

“ఎవరికి పళ్లొచ్చాయి?”

“మా పెద్దాడికండి. అచ్చం వాళ్లమ్మ పోలికే.”

బాతులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

“మేం రెండు రోజులు తిండి మానేసి ఆపించిన పెళ్లి అది,” అంది సన్యాసమ్మ మెల్లగా.

తర్వాత జరిగింది చెప్పుకోవడానికి నక్కకే సిగ్గు. అప్పలకొండ దాని ముక్కు పట్టుకుని వదల్లేదు. సన్యాసమ్మ మసి మీసాలు ఒక్కొక్కటే పీకింది. దొంగ అని తిట్టలేదు, కోళ్లు తినేదానా అని తిట్టలేదు. పొగమీసం పేరు చెప్పుకుని కాపురం చేస్తావా అని తిట్టాయి. ఎలాగో ముక్కు విడిపించుకుని నక్క పరిగెత్తింది, నాలుగు కాళ్లూ శుభ్రంగా పనిచేశాయి. బాతులు ముడి రెండుసార్లు బిగించాయి.

నూకాలు రెక్కలు కాస్త వదులు చేసింది. “బతికిపోయాం. ఇంకాస్తయితే అందరి ప్రాణాలూ పోయేవి.”

“ప్రాణాలదేముంది వదినా,” అంది అప్పలకొండ. “ఆయన పరువు పోయేది.”

సింహాద్రి నెమరు ఆపి తలెత్తింది. “ఇంతకీ వాన పడిందా?”

నూకాలు రెక్కల కింద పదకొండు పిల్లల్నీ ఒకసారి చూసుకుంది. “పడింది మావా,” అంది. “పొగమీసమే కుండ తెచ్చిచ్చాడు.”

ఇందులో నీతి: ఇంకొకరి పేరు చెప్పి లోపలికి రావాలనుకునేవాడు, ఆ పేరంటే ప్రాణం పెట్టేవాళ్ల తగువులు కూడా విని రావాలి.