భాగవతులవారి పక్కింటి గిటారు

గుమ్మడూరు రాజు కుంజరరాయలకు మధ్యాహ్నం భోజనమయ్యాక కునుకు పడకపోతే లోకం మొత్తం మీద కోపం వస్తుంది. ఆ వారం నాలుగు రోజులుగా కునుకు లేదు. ఐదో రోజు పొద్దున్న సభలోకి వస్తూనే ఆజ్ఞ వేశారు. కోట వెనక వీధిలో ఇకమీదట ఒక్క సంగీతమే ఉండాలట. రెండోది సాయంత్రంలోగా ఊరు దాటాలట.

గుమ్మడూరులో రాజుగారికి కిరీటమూ ఉంది, ఊరికి కరెంటూ ఉంది. అదెలా కుదిరిందని అడిగేవాళ్లు ఈ కథ వినక్కర్లేదు.

ఆ వీధిలో ఉన్నవి రెండు సంగీతాలు. ఒకటి ఆస్థాన గాయకులు నరహరి భాగవతులవారిది. కోడి కూయకముందే ఆయనా, ఆయన పదకొండు మంది శిష్యులూ గొంతులు విప్పుతారు. తోడుగా రెండు మృదంగాలు. అది చాలదన్నట్టు వాళ్ల చిలక కూడా సరిగమలు అందుకుంటుంది, అదీ అపస్వరంలో.

రెండోది పక్కింటి మేడమీద గదిలో అద్దెకుంటున్న వకుళది. ఖగోళ శాస్త్రం చదువుతోంది. పరీక్ష ఇంకా పది రోజులే. తెల్లవారుజామున పుస్తకం తెరిస్తే పక్కింటి గొంతులు గోడ దాటి వచ్చి గ్రహాలన్నిటినీ కలగాపులగం చేసేస్తాయి. మధ్యాహ్నం కళాశాల నుంచి రాగానే ఆ కసి అంతా గిటారు మీద తీర్చుకుంటుంది. వైరును శబ్దం పెంచే పెట్టెకు తగిలించి తాతలనాటి రాక్ పాటలు వాయిస్తుంది. ఆ పాటలు కట్టినవాళ్లకు ఈపాటికి పళ్లు కూడా ఉండి ఉండవు. అయినా అవంటే ఆ పిల్లకు ప్రాణం.

గిటారున్న అద్దెదారుకు ఊళ్లో ఇంకెవరూ గది ఇవ్వరు. ఊరు దాటితే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే మూడేళ్ల చదువు గంగలో కలిసినట్టే. అందుకే సభకు వచ్చేటప్పుడు గిటారునూ పెట్టెనూ కూడా మోయించుకొచ్చింది.

భాగవతులవారు శాలువా సర్దుకుని లేచారు. ఆ పిల్ల వాయించడం మొదలుపెట్టగానే శిష్యుల్ని గట్టిగా పాడమని చెప్పి, తాను చెవుల్లో దూది కుక్కుకుని పెరటి అరుగు మీద కూర్చుంటున్నానని మొరపెట్టుకున్నారు. ఆ పెరటి అరుగు సరిగ్గా వకుళ కిటికీ కిందే ఉంటుందన్న సంగతి మాత్రం చెప్పలేదు.

"ప్రభూ, అది సంగీతం కాదు, గోల. అందులో తాళమన్నదే లేదు. ఉందని తేలితే ఆ పెట్టె నా నెత్తిన పెట్టుకుని ఆ అమ్మాయి మేడ ఎక్కిస్తాను."

ఒక్క పాట విని తీర్పు చెప్పమని వకుళ వేడుకుంది. రాజుగారు కానిమ్మన్నారు. ఆమె తీగ మీటగానే కిటికీ రెక్కలు టపటపలాడాయి, మంత్రిగారి తలపాగా ముక్కు మీదకి జారింది, గజశాలలో పట్టపుటేనుగు బదులు పలికింది. రాజుగారి ముఖం చింతకాయ కొరికినట్టయింది.

సింహాసనం వెనక తిరుపాలు నిలబడి ఉన్నాడు. వింజామర వీచడం అతని పని. రాజుగారి వెనక నిలబడేవాడికి రాజుగారికి కనబడనివి చాలా కనబడతాయి. భాగవతులవారి నోరు "శివశివా" అంటోంది. శాలువా కింద కుడిచెయ్యి మాత్రం తొడ మీద దరువేస్తోంది, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా.

రాజుగారు తీర్పు చెప్పబోతుండగా గాలి ఆగిపోయింది. ఆయన విసుగ్గా వెనక్కి తిరిగారు. అదే పాట ఇంకొక్కసారి విని అప్పుడు చెప్పమని తిరుపాలు చేతులు కట్టుకుని అడిగాడు. గాలి కావాలి కాబట్టి రాజుగారు ఒప్పుకున్నారు.

తిరుపాలు వైరు సరిచేసే వంకతో వకుళ దగ్గరికి వెళ్లి గుసగుసగా చెప్పాడు.

"మూడో చుట్టు నుంచీ అర దెబ్బ ఆలస్యంగా ఎత్తుకో తల్లీ. ఎవరు ఏమనుకున్నా దిద్దుకోకు."

వకుళకు కళ్లనీళ్లు వచ్చినంత పనైంది. ఆ పాటను కావాలని పాడుచేయడానికి ఆమెకు చేతులు రావడం లేదు. కానీ ఊరు వదలడం ఇంకా కష్టం. తలూపింది.

మొదటి రెండు చుట్లు బాగానే సాగాయి. మూడో చుట్టు ఆలస్యమైంది. శాలువా కింద చెయ్యి టక్కున ఆగింది. నాలుగోదీ ఆలస్యమైంది. భాగవతులవారు పెదవి కొరుక్కున్నారు, పైకప్పు చూశారు, తొడ గిల్లుకున్నారు. ఐదో చుట్టుకు ఇక తాళలేక లేచి నిలబడ్డారు. శాలువా కింద పడింది.

"ఆపమ్మా, ఆపు. అర దెబ్బ వెనకబడుతున్నావు. రోజూ బాగానే వాయిస్తావుగా, ఇవాళేం వచ్చింది నీకు?"

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. చేత్తో తాళం వేస్తూ, నోటితో "జాం జజ జాం" అని గిటారు వాయిస్తూ, పిలక ఊడిపోయేలా తల ఊపుతూ మూడో చుట్టు మొత్తం చేసి చూపించారు.

తిరుపాలు వింజామర దించి, ఎంతో వినయంగా అడిగాడు.

"లేని తాళం ఎలా తప్పింది స్వామీ?"

భాగవతులవారి చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వుతూ, మరి చెవుల్లో దూది మాటేమిటని అడిగారు.

"నాలుగు రోజులుగా బజారులో దూది దొరకడం లేదు ప్రభూ," అన్నారు భాగవతులవారు నేల చూస్తూ.

మంత్రిగారి దగ్గర్నుంచి ద్వారపాలకుడి దాకా సభంతా పగలబడి నవ్వింది. తాళం కుదిరాక రెండూ ఒకే సంగీతమని, ఎవరూ ఊరు దాటక్కర్లేదని రాజుగారు తేల్చేశారు. వకుళ పరీక్ష అయ్యేదాకా పక్కింట్లో సూర్యుడు వచ్చాకే గొంతులు లేవాలి. రాజుగారి కునుకయ్యాకే గిటారు మోగాలి. వకుళ ఆనందం పట్టలేక గిటారును గట్టిగా వాటేసుకుంది.

ఏం కావాలో కోరుకోమంటే తిరుపాలు ముత్యాలు అడగలేదు. పదకొండేళ్లుగా నిలబడే ఉన్నానని, కూర్చోడానికో పీట ఇప్పించమని అడిగాడు. రాజుగారు వెండిపీట వేయించి, తన చేత్తోనే అతన్ని కూర్చోబెట్టారు.

భాగవతులవారు మాట తప్పలేదు. శాలువా చుట్టకుదురుగా చేసి పెట్టెను నెత్తికెత్తుకున్నారు. సభ మెట్లు దిగుతూ, వెనక గిటారుతో వస్తున్న వకుళతో మెల్లగా అన్నారు.

"రేపు, నువ్వు రోజూ వాయించే ఆ రెండో పాట వాయించమ్మా. అది ఇంకా బాగుంటుంది."