నాంచారమ్మ చెప్పిన మూడు పొగలు

అనగనగా, ఏ కాలంలోనో, ఏ కొండల నడుమనో, గాజులపురమనే పట్టణం ఉండేది. ఆ ఊరి గాజులు తొడగని చెయ్యి రాజ్యంలో లేదు. ఆ ఊరి పొగ సోకని ఇల్లూ లేదు. ఏటేటా ఎండలు ముదిరాయి. పసిపిల్లలు దగ్గుతూనే నిద్రపోయేవారు.

రాజుగారు గాజుల బట్టీల యజమానులను పిలిపించారు.

"ఎవరి పొగ ఎంతో వారే కొలిచి చెప్పండి. ఏటేటా తగ్గించండి" అన్నారు.

పెద్ద వర్తకుడు రత్నగుప్తుడు లేచాడు. "ప్రభూ, మా బట్టీలో కట్టె కాలదు, బొగ్గే వాడతాం. మా పొగ పిడికెడు."

"మాదీ అంతే" అన్నారు తక్కినవారు.

చివరికి నాంచారమ్మ వంతు వచ్చింది. భర్త పోయాక బట్టీని ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న మనిషి. కొలవమన్నారు కదా అని, తన బొగ్గు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడటానికి అడవిదాకా వెళ్లివచ్చింది. అక్కడ మట్టి కప్పిన గుట్టల కింద నరికిన నిండు చెట్లు బొగ్గవుతూ కుములుతున్నాయి.

"ప్రభూ, నా బట్టీలో లేచే పొగ ఒకటి. నాకోసం అడవిలో బొగ్గు కాల్చే పొగ రెండోది. గాజులో కలిపే సున్నం కాల్చే పొగ మూడోది. మూడూ నావే" అంది.

సభ ఘొల్లున నవ్వింది. అందరికంటే ఆమె లెక్కే పెద్దది మరి!

ఆనాటినుంచి ఆమె పేరు పొగ నాంచారమ్మ. పేరంటాలకు పిలుపులు ఆగిపోయాయి. బట్టీలో తోడుండే మరిది సింగన్న కూడా విసుక్కున్నాడు.

"మన బట్టీ పొగ ఒక్కటే చెబితే పోయేది కదా వదినా!"

"మిగతాది ఎవరు చెబుతారయ్యా?"

సింగన్న విసురుగా లేచి వెళ్లిపోయాడు. మర్నాడే రత్నగుప్తుడి దగ్గర పనికి కుదిరాడు.

నాంచారమ్మ ఒక్కతే వండుకుంది, ఒక్కతే తింది. మాట్లాడటానికి బట్టీ మంట తప్ప ఎవరూ లేరు.

మొదటి ఏడు బట్టీ గోడల బీటలన్నీ మట్టితో మెత్తింది. వేడి బయటికి పోక, బొగ్గు తక్కువ పట్టింది. రెండో ఏడు ఇంటింటా పగిలిన గాజులు ఏరి తెచ్చి కరిగించింది. సున్నమూ తగ్గింది, మంటా తగ్గింది. మూడో ఏడు బొగ్గు కాల్చేవాళ్లను బతిమాలి, పచ్చికట్టె ఎండాకే కాల్చేలా ఒప్పించింది.

ప్రతి ఏడూ సభలో మూడు పొగలూ చెప్పింది. ప్రతి ఏడూ జనం నవ్వారు.

మూడో ఏడు మాత్రం రాజుగారు నవ్వలేదు. "అందరిదీ పిడికెడే అయితే మా పిల్లలింకా ఎందుకు దగ్గుతున్నారు?" అని, అందరినీ వెంటబెట్టుకుని అడవికి వెళ్లారు. దారి చూపింది నాంచారమ్మే.

అడవంతా గుట్టలు. గుట్టగుట్టకూ పొగ.

"ఇవెవరివి?" అని అడిగారు రాజుగారు.

బొగ్గు కాల్చే బుడ్డన్న ఎర్రబడిన కళ్లు తుడుచుకున్నాడు. "ఆ పెద్దవన్నీ రత్నగుప్తులవారివి, దొరా. ఈ చిన్నది నాంచారమ్మది. ఏటికేడు తక్కువ బొగ్గు అడుగుతోంది. మేమెలా బతుకుతున్నామో వచ్చి చూసిందీ ఆ తల్లొక్కతే."

రత్నగుప్తుడు తల వంచుకున్నాడు.

"ఇకమీదట అందరూ మూడు పొగలూ చెప్పాలి. మూడూ తగ్గించాలి" అన్నారు రాజుగారు.

మర్నాడు పొద్దున్నే రత్నగుప్తుడు, తక్కిన యజమానులు నాంచారమ్మ వాకిట నిలబడ్డారు. వెనకాల సింగన్న కూడా ఉన్నాడు, కళ్లెత్తలేదు.

"ఎక్కడ మొదలుపెట్టాలమ్మా?" అన్నాడు రత్నగుప్తుడు.

నాంచారమ్మ కొంగు నడుముకు చుట్టింది. "ముందు సున్నపు బట్టీలు చూద్దురుగాని, పదండి. నేనూ వస్తాను" అంది.

చాలా కాలానికి ఆమె వెంట నలుగురు మనుషులు నడిచారు.

నీతి: కంటికి దూరంగా లేచినంత మాత్రాన మన పొగ మనది కాకుండా పోదు, ఉన్నదంతా తనదని ఒప్పుకున్నవారే దాన్ని తగ్గించగలరు.