ఎర్తు గుంతకు నీళ్లు

మంగతాయారు భాగవతారిణి గారిని ఎవరేం అడిగినా ఆవిడ జవాబు చెప్పరు. వినపడలేదేమోనని అడిగినవాళ్లు గొంతు పెంచి మళ్లీ అడుగుతారు. అప్పుడూ చెప్పరు. "ముందు మంచినీళ్లు తాగు" అనో, "ఆ చిడతలు ఇలా అందుకో" అనో ఏదో పని పురమాయిస్తారు. నర్సీపట్నంలో నలభై ఏళ్లుగా హరికథ నేర్పుతున్న మనిషి, మాటే బతుకుతెరువైన మనిషి, ప్రశ్న దగ్గరికొచ్చేసరికి ఇలా నోరు కుట్టేసుకుంటారేమిటని కొత్త శిష్యులు విసుక్కుంటారు. పాతవాళ్లు మాత్రం నవ్వి ఊరుకుని చెప్పిన పని చేస్తారు.

అప్పలసూరి పాత శిష్యుడే. హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇరవై ఏళ్లుగా ఆవిడ దగ్గర కథ నేర్చుకుంటున్నాడు. పద్యం తప్పడు, తాళం తప్పడు, గొంతు గంటలా మోగుతుంది. అయినా అతను కథ చెబితే జనం లేచిపోతారు. కిందటేడు రెండు ఊళ్లలో అలాగే అయింది. రెండో ఊళ్లో అయితే కథ సగంలో ఉండగానే మైకుసెట్టు మనిషి వైర్లు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ వైరు నేలమీద పాకుతూ పోవడం అప్పలసూరి పద్యం పాడుతూనే చూశాడు. 

ఈ ఏప్రిల్లో గొట్టివలస అమ్మవారి తీర్థానికి మంగతాయారు గారిని పిలిస్తే, "నా బదులు మా అప్పలసూరి చెబుతాడు, నేనొచ్చి ముందు వరసలో కూర్చుంటాను" అని ఆవిడ కబురు పంపారు. ఊరివాళ్లు మొహమాటానికి ఒప్పుకున్నారు. ఇదీ పోతే గజ్జెలు విప్పేసి అమ్మగారి కాళ్ల దగ్గర పెట్టేయాలని అప్పలసూరి గట్టిగా అనుకున్నాడు. బయలుదేరే రోజు పొద్దున్న ఇక ఆగలేక అడిగేశాడు.

"అమ్మగారూ, మీ పాఠంలో ఒక్క అక్షరం వదలకుండా చెబుతున్నాను. మీరు చెబితే కూర్చునే జనం, అదే కథ నేను చెబితే ఎందుకు లేచిపోతున్నారు? నాలో ఏం తక్కువైంది?"

ఆవిడ కారు తాళం అతని చేతిలో పెట్టారు. "ఇవాళ నువ్వు నడుపు" అన్నారు.

ఆ కారు గురించి రెండు ముక్కలు చెప్పాలి. అది పాత బ్యాటరీ కారు. వైజాగులో ఒక డాక్టరు గారు ఐదేళ్లు వాడుకుని అమ్మేస్తే ఆవిడ కొన్నారు. కొత్తలో ఒక్క చార్జింగుతో రెండు వందల యాభై కిలోమీటర్లు పోయేదట. ఇప్పుడు నూట యాభై పోతే గొప్ప. వాడేసిన టార్చిలైటు కొనుక్కున్నట్టుందని వీధిలో అందరూ ఎగతాళి చేశారు. ఆవిడ వినిపించుకోలేదు. గజ్జెలు కట్టి ఆడీ ఆడీ అరిగిపోయిన మోకాలికి క్లచ్చు తొక్కే పని లేదు, గొంతుకి పెట్రోలు కంపు లేదు, ఇంజను రొద లేదు కాబట్టి దారి పొడవునా పద్యాలు నెమరేసుకోవచ్చు. సాయంత్రం వీధరుగు మీది ప్లగ్గుకి తగిలించి, పొద్దున్నే ముగ్గేశాక తీసేస్తారు. యాభై దాటించరు, ఏసీ వేయరు, బ్రేకు తొక్కాల్సిన చోటికి ఫర్లాంగు ముందే కాలు తీసేసి బండిని దానంతట దాన్ని నెమ్మదించనిస్తారు. అలా నెమ్మదించినప్పుడల్లా బ్యాటరీలోకి కాస్త కరెంటు తిరిగొస్తుంది. అరవై ఆరేళ్ల మనిషి ఒక ముసలి యంత్రాన్ని అంత బాగా అర్థం చేసుకుని, దాని శక్తి కొద్దీ పని చేయించుకోవడం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఎగతాళి చేసిన వీధివాళ్లే ఇప్పుడు పెళ్లికొడుకుని తీసుకురావడానికి ఆ కారే అడుగుతున్నారు.

మృదంగం ఆయనా, వయొలిన్ ఆయనా ముందే బస్సెక్కేశారు. పన్నెండింటికి గురువూ శిష్యుడూ కారులో బయలుదేరారు. గొట్టివలస నూట నాలుగు కిలోమీటర్లు. తెరమీద ఇంకా ఎంత దూరం పోగలదో చెప్పే అంకె నూట నలభై చూపిస్తోంది. లెక్కల మాస్టారికి ఇంకేం కావాలి? ముప్పై ఆరు మిగులు. ఏసీ వేశాడు, ఎనభై మీద, తొంభై మీద లాగించాడు. రోడ్డు ఎగువకి ఉన్నా తగ్గలేదు. పక్క సీట్లో అమ్మగారు కళ్లు మూసుకుని ఏదో కూనిరాగం తీస్తున్నారు తప్ప ఒక్క మాట అనలేదు. ఆ నూట నలభై ఆవిడ కాలు సంపాదించిన అంకె అని, నిన్నటిదాకా బండి ఎలా నడిచిందో దాన్నిబట్టి వేసిన అంచనాయే తప్ప అది బ్యాటరీ ఇచ్చిన మాట కాదని మాస్టారికి తట్టలేదు. అరవై ఆరు కిలోమీటర్లు వెళ్లేసరికి తెరమీద ఇరవై నాలుగు మిగిలింది. పోవాల్సింది ఇంకా ముప్పై ఎనిమిది. అతనికి ముచ్చెమటలు పట్టాయి. ఏసీ కట్టేశాడు, నలభైలోకి దిగాడు. కానీ పాత బ్యాటరీ అడుగుకి వచ్చాక అంకె ఒక్కొక్కటిగా తగ్గదు, నాలుగేసి ఐదేసి పడిపోతుంది.

రోడ్డు పక్క చార్జింగు స్థలం ఒకటి కనిపిస్తే ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే దాని తెర నల్లగా ఉంది, చుట్టూ తాడు కట్టి ఉంది. ఆ పక్క ఊళ్లోకి బండి తిప్పి పెద్ద ప్లగ్గు ఎవరింట్లో ఉందని అడిగితే, ఇడ్లీపిండి రుబ్బి అమ్మే బంగారమ్మ ఇల్లు చూపించారు. ఆవిడ యాభై ఐదేళ్ల మనిషి. గ్రైండరు ఆపకుండానే కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఎట్టుకో బాబూ, దానికేటి, కరెంటే కదా" అంది. అమ్మగారికి అరుగుమీద చాప వేసింది. ఆవిడ హాయిగా నడుం వాల్చారు.

అప్పలసూరి కారు తీగ తెచ్చి ప్లగ్గులో పెట్టాడు. తీగ మధ్యనున్న చిన్న పెట్టెమీద ఎర్రలైటు వెలిగింది. కారు కరెంటు తీసుకోలేదు. తీసి మళ్లీ పెట్టాడు. ఎర్రలైటే. పక్క ప్లగ్గులో పెట్టాడు, కారు తలుపులు వేసి తీశాడు, పెట్టెని అరచేత్తో తట్టాడు. ఎర్రలైటు అలాగే కన్ను కొడుతోంది. గడియారంలో రెండయింది. ఆరింటికి కథ.

"ముసలి బండి! ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది, గ్రైండరు తిరుగుతోంది, దీనికేం రోగం?" అని అరిచాడు. అరుగుమీద అమ్మగారు అటు తిరిగి పడుకున్నారు.

బంగారమ్మ వచ్చి ఎర్రలైటు కేసి చూసింది. "కారుకి రోగం నేదు బాబూ. మా ఎర్తు గుంత ఎండిపోనాది" అంది. ఇంటి వెనక్కి తీసుకెళ్లి గోడవార ఒక చోటు చూపించింది. నేలలోకి ఇనప గొట్టం దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోసి పూడ్చిన గొయ్యి అది. దారితప్పిన కరెంటుని నేలలోకి దించే మూడో తీగ ప్లగ్గులోంచి వచ్చి ఆ గొట్టానికి కట్టి ఉంది. మట్టి బీటలు తీసి ఉంది. "మా ఆయన కరెంటాఫీసులో చేసీవోడు. ఏసంగి ఎండలొస్తే రోజూ ఇందులో రెండు బిందెల నీలు పోసీవోడు. ఆయన పోనాక నాను మానీసినాను. గ్రైండరు తిరుగుతానే ఉంది కదా అనుకున్నాను."

"ఎర్తు లేకుండా గ్రైండరు ఎలా తిరుగుతోంది?"

"తిరగడానికేటి, తిరిగీస్తాది. దగ్గిరికెళ్లి ముట్టుకుంటే జిల్లుమని లాగుతాది. అందుకే దాని దగ్గిరికి ఎవులూ రారు, నాను చెక్కపీట మీద నిలబడి పిండి తీస్తాను. నీ కారు తెలివైంది బాబూ. కాళ్ల కింద నేల లేకపోతే నాకు కరెంటొద్దు అంటంది."

అప్పలసూరి ఇంట్లోకి తొంగిచూశాడు. లోపల గ్రైండరు ఒకే తీరున, ఎవరికీ పట్టనట్టు, గట్టిగా తిరుగుతోంది.

"బిందె ఇయ్యమ్మా" అన్నాడు.

ప్యాంటు మడుచుకుని వీధి చివరి బోరింగు దగ్గరికి వెళ్లి నీళ్లు కొట్టి తెచ్చాడు. మొదటి బిందె పోస్తే నేల చప్పుడు చేస్తూ తాగేసింది. రెండోదీ తాగేసింది. వెళ్లి చూస్తే ఎర్రలైటే. మూడో బిందె పోశాడు, నాలుగోది పోశాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. ఐదో బిందెకి నీళ్లు పైన కాస్త నిలిచి, మెల్లగా ఇంకాయి. అప్పుడు పెట్టెమీద పచ్చలైటు వెలిగింది. లెక్కల మాస్టారు నలభై రెండేళ్ల వయసులో చప్పట్లు కొట్టాడు. బంగారమ్మ గ్రైండరు మీద ధైర్యంగా అరచెయ్యి ఆనించి, "అయ్యబాబోయ్, లాగడం నేదు!" అని నవ్వింది.

రెండు గంటలైనా చార్జింగు ఎక్కాలి. చేసే పనేమీ లేక అప్పలసూరి వంటింటి గుమ్మం దగ్గర కూలబడ్డాడు. ఎక్కడికి ప్రయాణమని బంగారమ్మ అడిగింది. హరికథ అన్నాడు. ఏం కథ అంది. కొడుకుని అడవికి సాగనంపే ఒక తల్లి కథ అని చెప్పి, అలవాటు కొద్దీ ఆ తల్లి దారికి మూట కట్టిచ్చే పద్యం అందుకున్నాడు. ఆవిడ మర్యాదగా విన్నది. పద్యం అయ్యాక అడిగింది.

"బాగుంది బాబూ. ఇంతకీ ఆ తల్లి మూటలో ఏటి కట్టింది?"

 ఇరవై ఏళ్లలో అప్పలసూరి వందసార్లు ఆ తల్లిచేత మూట కట్టించాడు. అందులో ఏముందో ఒక్కసారీ చూడలేదు. అమ్మగారు అడిగితే ఏదో పద్యం అప్పజెప్పేవాడు. పిండి చేతులతో ఎదురుచూస్తున్న మనిషికి ఏం అప్పజెప్పగలడు?

"తెలీదమ్మా" అన్నాడు. తర్వాత, ఎందుకో తనకే తెలియకుండా, "నువ్వైతే ఏం కడతావు?" అని అడిగాడు.

"నాను కట్టినాను బాబూ" అంది బంగారమ్మ. "మా ఓడు మొదటిసారి మిలట్రీకి పోయినప్పుడు సున్నుండలు చేసి మూట కట్టినాను. కట్టీసినాక మళ్లీ ఇప్పి, ఒకటి తీసి గూట్లో ఎట్టీసుకున్నాను. ఎందుకంటే సెప్పలేను. ఆడు ఉత్తరం రాసీదాకా ఆ ఉండ గూట్లోనే ఉంది. సీమలు పట్టీసినా పారెయ్యనేదు."

 అప్పలసూరి కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. ఆ రెండు గంటలూ ఆవిడే మాట్లాడింది, అతను విన్నాడు. నాలుగున్నరకి తీగ తీసేసి, ఏసీ జోలికి పోకుండా, నలభై దాటకుండా నడుపుకుంటూ అయిదున్నరకి గొట్టివలస చేరాడు.

ఆరింటికి పట్టుపంచె కట్టి, దండ వేసుకుని, గజ్జెలు ఘల్లుమనిపిస్తూ నిలబడ్డాడు. మొదటి అరగంట మామూలే. వెనక వరసల్లో బీడీలు వెలిగాయి, ఇద్దరు ముగ్గురు లేచారు. తల్లి కొడుకుని సాగనంపే చోటు వచ్చింది. మృదంగం ఆయన పద్యానికి సిద్ధంగా చెయ్యెత్తారు. అప్పలసూరి పద్యం అందుకోలేదు. చిడతలు కింద పెట్టి, గొంతు దించి, పక్కింటి సంగతి చెబుతున్నట్టు చెప్పాడు. "సున్నుండలు చేసిందమ్మా. చేసి మూట కట్టింది. కట్టాక మళ్లీ విప్పింది. ఒకటి తీసి గూట్లో పెట్టుకుంది."

వెళ్లిపోదామని పిల్లని చంకనేసుకుని లేచిన ఒకావిడ అక్కడే నిలబడిపోయింది. కాసేపటికి ఉన్నచోటే నేలమీద కూర్చుంది. ముందు వరసలో ఒక ముసలాయన తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. అప్పలసూరి ఆ మొహాలు చూశాడు. ఇన్నేళ్లూ జనం తల పైనుంచి ఎక్కడో దూరంగా చూస్తూ కథ చెప్పినవాడు ఇవాళ ఒక్కొక్క మొహమే చూశాడు. అప్పుడు పద్యం అందుకున్నాడు. అదే పద్యం, అదే రాగం. హారతి అయ్యేదాకా ఒక్కరూ లేవలేదు.

పళ్లెం తిరిగి, ఊరి పెద్దలు శాలువా కప్పి, ఆడవాళ్లు చుట్టూ మూగి ఆ తల్లి గురించి ఇంకా ఏవేవో అడిగి వెళ్లాక, అతను గజ్జెలు కట్టుకున్న కాళ్లతోనే వచ్చి మంగతాయారు గారి ముందు కూలబడ్డాడు.  ఎప్పుడూ అంత సంతోషం ఎరగడు.

"అమ్మగారూ, పొద్దున్న అడిగిన దానికి జవాబు దొరికిందండీ" అన్నాడు.

ఆవిడ అతని మొహంలోకి చాలాసేపు ప్రేమగా చూశారు. కొంగుతో అతని నుదుటి చెమట తుడిచారు.

"ఇవాళ గుంత తడిపావు నాయనా. ఎండాకాలం ఇంకా రెండు నెలలుంది" అన్నారు.